పట్టాలు తీసిన బాట

ఒక బాటను చూచిన వెంటనే దానిపై ఎవరు పోవుచుందురో చెప్పవచ్చును. ఎడ్లబండ్లు పోవు బాటలో రెండు లోతైన గాడులుండును. నడుమ గడ్డి మొలచును. మేకల మందలు పోవు డొంక పొదల ప్రక్కగా వంకరలు తిరుగుచు పోవును. మోటారు బండ్లకై వేసిన రోడ్డు వెడల్పుగను నున్నగను ఉండును. కాని దానిపై కాలినడకను పోవువాడును, సైకిలు త్రొక్కువాడును అంచునకు ఒదిగి, వెనుకనుండి ఏ లారీ వచ్చునోయని చెవి యొగ్గి పోవలసియుండును. సైకిలుపై బడికి వచ్చువారికి ఈ సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు.

కెనడా దేశమందలి క్వెబెక్ రాష్ట్రమున సుమారు 200 కిలోమీటర్ల పొడవుగల బాట ఒకటి కలదు. అది సరస్సుల ఒడ్డునను, అడవుల నడుమను సాగిపోవును. వేసవిలో దానిపై మోటారు బండి ఎక్కరాదు. సైకిళ్ళవారును పాదచారులును మాత్రమే పోవుదురు. దానిని ఆ దేశస్థులు తమ ఫ్రెంచి భాషలో ‘ప్తీ ట్రాన్ ద్యు నోర్’ అని పిలుతురు. ‘ఉత్తరదేశపు చిన్న రైలు’ అని ఆ మాటలకర్థము. రైలు లేని బాటకు రైలు పేరేల? ఆ పేరు వెనుక నూఱేండ్లకు పైబడిన కథ యున్నది.

ఆ రాష్ట్రమున మాంట్రియల్ అను మహానగరము కలదు. దానికి ఉత్తరముగా కొంతదూరము పోగా సెయింట్ జెరోమ్ అను పట్టణము వచ్చును. అచ్చటనుండి లారెన్షియన్ కొండలు మొదలగును. ఇవి ఎత్తైన కొండలు కావు. కాని మిక్కిలి వృద్ధులు. ఈ కొండలలోని శిలల వయస్సు ఇంచుమించు నూఱు కోట్ల సంవత్సరములు. వీని యెదుట మన హిమాలయములు పసిబిడ్డలు. ఒకప్పుడు ఈ దేశమంతయు దట్టమైన మంచుపలక క్రింద నణగియుండెను. ఆ మంచు మెల్లగా జాఱుచు, రాతిని గీచి, గోకి, పల్లములు చేసెను. పదివేల యేండ్లకు పూర్వము అది కరగి వెనుకకు తగ్గినప్పుడు ఆ పల్లములన్నియు నీటితో నిండి సరస్సులయ్యెను. మన తెలుగునాట చెఱువు కనబడినచో, దాని కట్ట వేయించినవాడెవడో ఒక మనుష్యుడు ఉండియే తీరును. అచ్చట వేలకొలది చెఱువులను మంచు త్రవ్వినది. కట్ట లేదు, తూము లేదు, ఆయకట్టు లేదు. నల్లని నీరు, చుట్టును దేవదారుజాతి చెట్లు, భూర్జవృక్షములు, మేపుల్ చెట్లు.

ఆ యడవి నిర్జనము కాదు. ఆల్గాంకిన్ జాతివారు తరతరములుగా అచ్చట వేటాడుచు, భూర్జపత్రముల బెరడుతో చేసిన తేలికపడవలపై సరస్సునుండి సరస్సునకు పోవుచుండిరి. నొమినింగ్ మొదలైన స్థలనామములు వారి భాషనుండి వచ్చినవే. ‘ఎవరును లేని అడవిని వలసవారు సాగుచేసిరి’ అని పూర్వపు పుస్తకములు వ్రాయుచుండెడివి. అట్టి వాక్యము కనబడినప్పుడు ఆ ఊళ్ళ పేర్లు ఏ భాషవో ఒకసారి విచారించుట మంచిది.

సెయింట్ జెరోమ్‌నకు 1868వ సంవత్సరమున ఆంత్వాన్ లాబెల్ అను క్రైస్తవ మతగురువు వచ్చెను. ఆయన 1833లో జన్మించినవాడు, భారీకాయుడు, కార్యదక్షుడు. ఆ దినములలో క్వెబెక్ రైతుబిడ్డలు భూమి చాలక, గుంపులు గుంపులుగా అమెరికా సంయుక్తరాష్ట్రములలోని బట్టలమిల్లులకు కూలికి పోవుచుండిరి. ఉత్తరపు కొండలలో భూమి యున్నది. కాని అచ్చటికి పోవుటకు దారి లేదు. పండిన పంటను తెచ్చి అమ్ముకొనుటకును దారి లేదు. దారి కావలెనన్న రైలు కావలెనని లాబెల్ నిశ్చయించెను.

రైలు వేయించుట ఒక మతగురువు చేతిలోని పనియా? ఆయన వాదముతో కాక కట్టెలతో మాటలాడెను. 1872వ సంవత్సరపు చలికాలమున మాంట్రియల్ నగరములో వంటచెఱకు కొఱత యేర్పడి పేదలు చలికి అల్లాడుచుండిరి. లాబెల్ తన గ్రామస్థులను కూడగట్టి, మంచుపై జాఱు గుఱ్ఱపుబండ్లనిండ కట్టెలు నింపించి, వరుసగా నగరమునకు నడిపించి పేదలకు పంచిపెట్టించెను. ‘మా కొండలలో మీకు కావలసినది ఉన్నది, రైలు ఉన్నచో ఇది ప్రతిదినమును రాగలదు’ అని నగరవాసులకు కన్నులార చూపుటయే దాని యుద్దేశము. ధర్మకార్యమును, ప్రచారకార్యమును ఒకే బండిపై తోలిన ఆ నేర్పును మెచ్చుకొనక తప్పదు. 1876లో రైలు సెయింట్ జెరోమ్ వఱకు వచ్చెను. అది సెయింత్ అగాత్ వఱకు సాగుట ఆయన చూడలేదు. 1891 జనవరిలో ఆయన మరణించెను. 1892లో పట్టాలు సెయింత్ అగాత్ ఊరు చేరినవి. మఱుసటి యేట, ఆయన పేరనే వెలసిన లాబెల్ గ్రామమును చేరినవి. కట్టకడపటి మజిలీయైన మోన్ లోరియే చేరుసరికి 1909 వచ్చినది.

ఆ రైలు ఏమేమి మోసెనో లెక్కించుట కష్టము. అడవినుండి కలపను క్రిందికి మోసెను. గాలి మంచిదని సెయింత్ అగాత్ వైద్యశాలలకు పోవు క్షయరోగులను మోసెను. తరువాతి కాలమున, మంచుపై జాఱుటకై కాళ్ళకు కట్టుకొను పొడవైన కఱ్ఱచెక్కలను భుజముల మీద పెట్టుకొని నగరమునుండి వచ్చు యువకులను, ఆదివారము తెల్లవాఱుసరికి కొండల మొదటికి చేర్చెను. ముద్దుపేరు ఆ దినములలో వచ్చినదే. పిమ్మట మోటారుకార్లు పెరిగినవి. నగరమునుండి విశాలమైన రహదారి కొండలలోనికి వచ్చినది. రైలుపెట్టెలు ఖాళీ కాజొచ్చినవి. 1981లో ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయినవి. 1989లో సరకుల బండ్లును నిలిచినవి. కొంతకాలమునకు పట్టాలను ఊడదీసి తీసికొనిపోయిరి.

మిగిలినది కంకరకట్ట మాత్రమే. ఇచ్చట అసలు ప్రశ్న పుట్టినది. ఇరువందల కిలోమీటర్ల పొడవును, కొలది గజముల వెడల్పునుగల ఆ నేలను ఏమి చేయవలెను? ప్రక్క కమతముల వారికి ముక్కలు ముక్కలుగా అమ్మివేయవచ్చును. అట్లు చేసినచో కొంత ధనము వెంటనే చేతికి వచ్చును. కాని అట్టి నేలకు విలువయంతయు దాని యెడతెగని పొడవులోనే యున్నది. నడుమ నొక్క అరమైలు పరాధీనమైనచో తక్కిన నూటయిరువది మైళ్ళును చెల్లాచెదరగును. దానిని మరల అతుకుట ఎవరి తరమును కాదు. లాబెల్ కాలమున ఎందఱో శ్రమించి సంపాదించిన ఆ వరుసను తెగనీయరాదని స్థానికులు పట్టుబట్టిరి. రాష్ట్రప్రభుత్వము ఆ నేలను ప్రజలపరముగా నిలిపి, నిర్వహణమును స్థానిక మండలములకు అప్పగించెను. 1996వ సంవత్సరమున బాట సైకిళ్ళకు తెఱువబడెను. నేడది ‘హరితమార్గము’ అను పేర క్వెబెక్ రాష్ట్రమంతట 5,000 కిలోమీటర్లకు పైగా అల్లుకొనిన సైకిలు దారులలో ఒక భాగము.

రైలు విడిచిన కట్ట సైకిలునకు ఇంతగా సరిపడుటకు కారణము కలదు. ఉక్కు పట్టాపై ఉక్కు చక్రము దొర్లునప్పుడు ఒరపిడి స్వల్పము. అందువలననే ఒక్క ఇంజను వందల టన్నుల బరువును లాగగలుగుచున్నది. కాని ఆ గుణమే ఎత్తు ఎక్కునప్పుడు దోషమగును. ఒరపిడి లేని చక్రము జాఱిపోవును. కావున ఇంజనీర్లు నూఱు అడుగులు పోవుసరికి సాధారణముగా రెండడుగులకు మించి ఎత్తు పెరుగకుండునట్లు, కొండను చుట్టియో, గుట్టను త్రవ్వియో, పల్లమును పూడ్చియో రైలుకట్ట వేయుదురు. ఆనాడు ఆవిరియంత్రమునకై చూపిన ఆ దయ ఈనాడు సైకిలు త్రొక్కు వృద్ధునకును, పదేండ్ల బాలునకును దక్కినది. కొండల దేశమున పోవుచున్నను వారు రొప్పవలసిన పని లేదు.

బాటపై కొంత మేర తారు వేసిరి. తక్కిన మేర రాతిపొడి పఱచి దిమ్మెస చేసిరి. ఏటి గులకరాళ్ళు ఇందుకు పనికిరావు. అవి గుండ్రముగా నుండి ఒకదానిపై నొకటి దొర్లును. వానిపై సైకిలు త్రొక్కుట ఇసుకలో ఈదుట వంటిది. రాతిని మరలో నలుగగొట్టినప్పుడు వచ్చు చిన్న పలుకులకు కోణములుండును. వానిని పొడితో కలిపి, తడిపి, రోలరుతో త్రొక్కించినచో ఒకదాని కోణము వేఱొకదాని సందున దిగి గట్టిపడును. నడుమ కొంచెము ఉబ్బెత్తుగా, అంచులకు వాలుగా వేసిన యెడల వాననీరు నిలువదు. అడుగున పాత రైలుకంకర ఉండనే యున్నది.

ఇట్టి దారులకై నేడు ‘గ్రావెల్ బైకు’ అను ప్రత్యేకమైన సైకిలును తయారుచేసి మిక్కిలి ఖరీదునకు అమ్ముచున్నారు. దాని గొప్పతనమంతయు టైరులో నున్నది. పందెపు సైకిలు టైరు సన్నముగా, గాలి బిగించి రాయివలె నుండును. అది కంకరపై పోవునపుడు ప్రతి చిన్న రాతికిని ఎగిరిపడును. ఎగిరినప్పుడెల్ల సైకిలును మనుష్యుని బరువును కూడ పైకెత్తవలసివచ్చును. ఆ శక్తి వృథా. వెడల్పైన టైరులో గాలి కొంచెము తక్కువగా నింపినచో, అది రాతిని తనలోనికి అణచుకొని సాఫీగా దాటును. అందుచేత కంకరదారికి నాలుగు సెంటీమీటర్ల వెడల్పుగల టైరు తగినదని నేటి నిపుణులు తేల్చిరి. మన పాలవాడు రెండుప్రక్కల క్యానులు తగిలించుకొని తెచ్చు పాత నల్లని సైకిలు టైరును ఎప్పుడైన కొలిచి చూడుడు. ఒకటిన్నర అంగుళము! అనగా ఇంచుమించు ఆ నాలుగు సెంటీమీటర్లే. పల్లెటూరి బాటలను ఎఱిగినవారు ఈ రహస్యమును ఏనాడో ఎఱుగుదురు.

ఇక ప్రయాణమునకు వత్తము. సెయింట్ జెరోమ్ స్టేషను సున్న కిలోమీటరు. అచ్చటినుండి బాట చాలదూరము ‘ఉత్తరనది’ అను ఏటిని అనుసరించి పోవును. ఏఱు రాళ్ళపై దుముకుచు క్రిందికి వచ్చుచుండగా, సైకిలువాడు మెల్లమెల్లగా పైకి పోవుచుండును. ప్రెవో అను ఊరిలో పాత స్టేషను భవనమును స్థానికులు పాడుపడకుండ కాపాడుకొనిరి. ఈ దారిలో ఇట్టి స్టేషనులు పెక్కు కలవు. కొన్ని ఫలహారశాలలైనవి, కొన్ని సమాచారకేంద్రములైనవి. టిక్కెట్లు అమ్మిన కిటికీనుండి నేడు తేనీరు అందింపబడుచుండుట చూచువారికి వేడుకగా నుండును. వాల్ డవీడ్, సెయింత్ అగాత్ దాటిన పిమ్మట ఊళ్ళు పలుచబడును. మాంట్ ట్రెంబ్లాన్ గ్రామమువద్ద బాట మెర్సియే సరస్సు నొరసికొని పోవును. లాబెల్ దాటి నొమినింగ్ వైపు సాగినచో అడవియే అడవి.

అచ్చట వినబడునవి ఏవి? టైరు క్రింద రాతిపొడి నలుగు సన్నని సవ్వడి యొకటి. చెట్టును వడ్రంగిపిట్ట కొట్టు చప్పుడు మఱొకటి. సాయంకాలమున సరస్సుమీదినుండి లూన్ అను నీటిపక్షి కూయును. నలుపు తెలుపు చుక్కల వీపుగల ఆ పక్షి కూత నవ్వువలెను, ఏడ్పువలెను కూడ నుండును. మొదటిసారి విన్నవారు ఉలికిపడుదురు. మోటారు ధ్వని ఉన్న చోట ఇవన్నియు ఉండకపోవు, కాని వినబడవు. సైకిలు వేగమునకు ఒక చిత్రమైన గుణము కలదు. నడచువాడు చూచినంత నిదానముగా చూడవచ్చును. దినమునకు అరువది, డెబ్బది కిలోమీటర్లు పోవను వచ్చును. కారువానికి ఆ దేశము కిటికీలోని బొమ్మ మాత్రమే. వాసన తెలియదు, గాలి మాఱుట తెలియదు. ఎండలోనుండి చెట్లనీడలోనికి పోయినప్పుడు చల్లదనము చేతులపై ముసురుట తెలియదు. మే నెల చివర, జూన్ నెలలలో నల్లని చిన్న ఈగలు కుట్టుటయు కారువానికి తెలియదు. అది మాత్రము వాని యదృష్టమే. సెప్టెంబరు కడపట మేపుల్ ఆకులు ఎఱ్ఱబడి, భూర్జముల ఆకులు పచ్చబడి, కొండలన్నియు అగ్గి రాజుకొన్నట్లుండును. ఆ కొలది వారములలో బాటపై జనము ఎక్కువ.

ఈ నిశ్శబ్దము ఊరక వచ్చినది కాదు. దానిని ప్రతి సంవత్సరము పనిచేసి నిలుపవలెను. శీతకాలమున నేలలోని తడి గడ్డకట్టి, ఉబ్బి, బాటను పైకెత్తును. వసంతమున అది కరగినప్పుడు పైపొర బురదయగును. అప్పుడు సైకిళ్ళను అనుమతించినచో గాడులు పడి వేసవియంతయు అట్లే యుండును. కావున మంచు కరగి నేల ఆఱువఱకు బాట మూసియుంతురు. బీవరు అను జంతువు వలన వచ్చు చిక్కు వేఱు. అది పండ్లతో చెట్లను కొఱికి పడవేసి, కొమ్మలతోను బురదతోను ఏళ్ళకు అడ్డకట్టలు కట్టును. రైలుకట్ట క్రింది తూము దానికి మంచి చోటు. ఒక్క తూము మూసినచో చాలును. పైన నీరు నిలిచి కట్టను కోసివేయును. పనివారు తీసివేసినకొలది అది రాత్రివేళ మరల కట్టును. ఎవరి పని వారు వదలరు.

చలికాలమున మాత్రము ఈ బాట కథ మాఱును. కలహము వచ్చినదియు అచ్చటనే. ఆ దేశమున నాలుగైదు నెలలు మంచు కప్పియుండును. అప్పుడు మంచుపై పరుగిడు మోటారుబండ్లు బయలుదేఱును. ఈ బండ్లను సైతము తేలికగా నిందింపరాదు. వీనిని రూపొందించినవారిలో ముఖ్యుడు క్వెబెక్ వాడే, ఆర్మాన్ బొంబార్దియే. 1934వ సంవత్సరపు చలికాలమున ఆయన రెండేండ్ల కుమారునకు ప్రాణాపాయమైన జబ్బు చేసెను. దారులు మంచుతో మూసికొనిపోవుటచే ఆస్పత్రికి చేర్చలేక ఆ బాలుని పోగొట్టుకొనిరి. పిమ్మట కొలది యేండ్లలోనే ఆయన మంచుపై నడచు పెద్దబండిని నిర్మించి అమ్మసాగెను. వైద్యులును బడిపిల్లలును అందు పోవుచుండిరి. 1959లో ఆయన సంస్థ ఒకరిద్దరు కూర్చుండదగిన చిన్న బండిని అమ్మకమునకు తెచ్చినది. అది అవసరమునకంటె వినోదమునకు ఎక్కువగా వాడబడినది.

అట్టి బండ్లు చలికాలమున ఈ బాటపై వందలుగా పోసాగినవి. వానివలన పూటకూళ్ళ యిండ్లకును, పెట్రోలు బంకులకును గిరాకి. వేసవి పోయిన తరువాత ఆ చిన్న ఊళ్ళకు వేఱు రాబడి తక్కువ. కాని బాట ప్రక్కనే ఇండ్లున్నవారికి పగలనక రాత్రియనక ధ్వనియు పొగయు. పట్టాలున్న కాలమున దినమునకు కొన్ని రైళ్ళు వచ్చి పోయెడివి; ఇవి ఆగుట లేదని వారి మొఱ. కడకు వారు కూడి న్యాయస్థానమునకు పోయిరి. 2004వ సంవత్సరమున క్వెబెక్ ఉన్నత న్యాయస్థానము వారి పక్షమున తీర్పు చెప్పి, బాటలో ఒక భాగముపై మంచుబండ్లు పోరాదని శాసించినది. పొరుగువారి చప్పుడు సహింపదగిన హద్దును దాటినచో, అది వినోదమైనను, దానివలన ఊరికి లాభమున్నను, చెల్లదని దాని సారాంశము.

ఆ తీర్పు విని రాష్ట్రమంతట మంచుబండ్లవారు కలవరపడిరి. తమ దారులన్నియు ఇట్లే మూతపడునని వారి భయము. ప్రభుత్వము త్వరపడి చట్టమును మార్చి, ఇట్టి ధ్వనిని గూర్చి వ్యాజ్యములు వేయుటను తాత్కాలికముగా నిలిపివేసినది. గెలిచినవారి నోరు కట్టివేసిరని కొందఱును, వేలమంది జీవనోపాధిని కాపాడిరని కొందఱును వాదించిరి. నాకు తోచినంతవఱకు, ఇరుప్రక్కలను న్యాయమున్నదని చెప్పి తప్పించుకొనుట ఇచ్చట చాలదు. చప్పుడు చేయువాడు బాటను విడిచి మఱొక మార్గమున పోగలడు. చప్పుడును వినువాడు తన యింటిని ఎత్తుకొని పోజాలడు. కొలతలో ఈ భేదమును లెక్కింపవలెను.

నేడు దక్షిణభాగమున, సెయింట్ జెరోమ్ మొదలు వాల్ డవీడ్ వైపు, చలికాలమున జనులు కాళ్ళకు చెక్కలు కట్టుకొని మంచుపై జాఱుచు పోవుదురు. ఉత్తరభాగమున, లాబెల్ మొదలు మోన్ లోరియే వైపు, మంచుబండ్లు పోవుచున్నవి. మే నెలలో మంచు కరగి నేల ఆఱగానే పనివారు వచ్చి, విఱిగిపడిన కొమ్మలను తొలగించి, తూములు చూచి, గుంతలలో రాతిపొడి నింపి దిమ్మెస చేయుదురు. అటుపిమ్మట, పాత రైలు ఎక్కిన వాలున, మొదటి సైకిలు పోవును.